పితలాటకం అంటే గొడవా, మోసమా?

వకుళ

అందరికీ నమస్కారం. ఇల్లు మారుతూ పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా తాతగారు 1961లో మా నాన్నగారికి రాసిన ఇన్‌లాండు ఉత్తరం దొరికింది. అందులో ఒక్క మాట దగ్గర మా ఇంటి పెద్దలు రెండు జట్లయ్యారు. ఆ వాక్యాలు ఇవి:

“మీ నాయనమ్మ కాసులపేరు విషయంలో మీ చిన్నాన్న చేసిన పితలాటకం మనసులో పెట్టుకోకు. పెళ్లికి వాళ్లను పిలవడం మన ధర్మం.”

పితలాటకం అంటే గొడవ అని మా బాబాయి వాదన. నగల పంపకాల దగ్గర చిన్నతాతగారు ఏదో పేచీ పెట్టి ఉంటారు, అంతకు మించి ఏమీ లేదంటారు. మా మేనత్త మాత్రం అది మోసమేనని, తాతగారు అలాంటి మాట ఊరికే రాసే మనిషి కాదని పట్టుబట్టింది. నాకు తెలిసిన పితలాటకం పేపర్లో కనిపించే “టికెట్ల పితలాటకం”, “బదిలీల పితలాటకం” లాంటిదే. వాటిలో మోసం వాసన నాకు తగల్లేదు. గోదావరి జిల్లాలో బడిపంతులుగా పనిచేసిన మనిషి ఆ రోజుల్లో ఈ మాటను ఏ అర్థంలో వాడి ఉంటారు?

ఎదురుప్రశ్న

గొడవే. “ఏమిటీ పితలాటకం!” అని మా అమ్మ విసుక్కోని రోజు ఉండేది కాదు. కుళాయి కారినా పితలాటకమే, చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగినా పితలాటకమే. మా అమ్మ కుళాయిని మోసగత్తె అనుకుందంటారా? నా ఓటు మీ బాబాయిగారికే.

తాళపత్రం

ఎదురుప్రశ్న గారూ, మీ అమ్మగారి వాడుకను తప్పని ఎవరూ అనరు. అయితే అది ఆ మాటకు తరువాత వచ్చిన అర్థం. పితలాటకం, పిత్తలాటకం అని రెండు రూపాల్లోనూ వినిపించే ఈ మాటకు అసలు అర్థం వంచన, మాయోపాయం.

మాట పుట్టుక చూస్తే సందేహం ఉండదు. పిత్తలం అంటే ఇత్తడి. హాటకం అంటే బంగారం. పోతన పేరు మీద ప్రచారంలో ఉన్న చాటుపద్యంలో సరస్వతిని “హాటకగర్భురాణి” అని పిలవడం అందరికీ తెలిసిందే. హాటకగర్భుడు అంటే హిరణ్యగర్భుడు, బ్రహ్మ. పిత్తలాన్ని హాటకమని నమ్మించి అంటగట్టడం పిత్తలహాటకం. జనం నోట నలిగి అది పితలాటకం అయింది. సుమతీ శతకకారుడు “ఇత్తడి బంగారమగునె యిలలో సుమతీ” అని అడిగాడు. కాదు. కానీ అయిందని నమ్మించేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వాడు చేసే పనికి పెట్టిన పేరు ఇది.

కనుక వకుళ గారూ, మీ మేనత్తగారి మాటే నిజం.

హోసూరు తెలుగువాడు

తాళపత్రం గారికి నమస్కారాలు. ఇత్తడి దాకా మీతో వస్తాను గానీ హాటకం దగ్గర దిగిపోతాను.

తమిళంలో ఇదే మాట ‘పిత్తలాట్టం’. నేటికీ బజారులో, కోర్టులో, రాజకీయ సభల్లో రోజూ వినిపిస్తుంది. అర్థం పచ్చి మోసం. చేసేవాడు ‘పిత్తలాట్టక్కారన్’. ఇత్తడిని తమిళంలో ‘పిత్తళై’ అంటారు. చివరనున్నది ‘ఆట్టం’, అంటే మన ఆటే. పోరాట్టం–పోరాటం, కోలాట్టం–కోలాటం ఎలాగో ఇదీ అలాగే. మన దగ్గర చివర ‘కం’ ఎందుకు చేరిందంటారా? నాటకం, బూటకం పక్కన కూర్చున్న మాటకు ఆ తోక రావడం వింత కాదు.

పైగా సంతలో ఇత్తడి ముక్క అంటగట్టించుకుని లబోదిబోమన్న రైతు ‘హాటకం’ అంటాడా? అది కావ్యంలో మాట. పుత్తడి అంటాడు, పసిడి అంటాడు, బంగారం అంటాడు.

తాళపత్రం

రైతు అనకపోవచ్చు. ఆ రైతు ఫిర్యాదు రాసిపెట్టిన కరణం అనవచ్చు కదా.

హోసూరు తెలుగువాడు

అనవచ్చు. అయినా నాకు హాటకం కథ ఇత్తడి వ్యుత్పత్తికి బంగారు పూత వేసినట్టే ఉంది. అదే పెద్ద పితలాటకమేమో చూడండి.

తాళపత్రం

ఈ దెబ్బ బాగా తగిలింది. ఒప్పుకోను గానీ బాగుంది.

ఎదురుప్రశ్న

మీ ఇద్దరూ ఇత్తడి అంటున్నారు సరే. మరి వేమన “కంచు మోగునట్లు కనకంబు మోగునా” అన్నాడు. బంగారానికి పోటీ కంచా, ఇత్తడా?

ప్రొద్దుటూరు పసిడి

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాది తరాలుగా కుంపటి ముందు కూర్చున్న ఇల్లు, కనుక ఈ లోహాల లెక్క నేను చెబుతాను.

కంచు రాగి–తగరం. ఇత్తడి రాగి–తుత్తునాగం, అదే ఇప్పటి జింకు. కంచు మోగుతుంది కనుక గంటలు, తాళాలు దానితో పోస్తారు. వేమన చెప్పింది చప్పుడు సంగతి, ఆడంబరంగా మాట్లాడే అల్పుడి సంగతి. మోసానికి పనికి వచ్చేది ఇత్తడి, ఎందుకంటే దాని రంగు పసుపు. కొత్తగా తోమిన ఇత్తడిని, పుటం పెట్టిన బంగారాన్ని దీపం వెలుతురులో పక్కపక్కన పెడితే పరాయివాడు తేల్చలేడు.

తేల్చేది మూడే. మొదటిది చెయ్యి. బంగారం సాంద్రత 19.3, ఇత్తడిది దాదాపు 8.5. అదే మందం, అదే వెడల్పు ఉన్న ఇత్తడి బిళ్ల బంగారు బిళ్ల బరువులో సగం కూడా తూగదు. అరచేతిలో వేసుకోగానే అలవాటున్నవాడికి తెలిసిపోతుంది. రెండోది గీటురాయి. నల్లరాయి మీద రెండూ గీస్తే రెండు గీతలూ పచ్చగానే పడతాయి. మూడోది ఆ గీతల మీద వేసే నత్రికామ్లం చుక్క. ఇత్తడి గీత చూస్తుండగానే పొంగి మాయమవుతుంది. బంగారు గీత అలాగే ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్న నాకు ఇది చూపించి, ఏ గీత నిలుస్తుందో ముందే చెప్పమనేవాడు.

ఇక అసలు మాట. మా బజారులో పితలాటకం అన్న మాట అన్ని మోసాలకూ వాడరు. తూకంలో కొట్టేయడం వేరు, కూలి ఎక్కువ వేయడం వేరు, టంకం ఎక్కువ పెట్టి బరువు పెంచడం వేరు. ఒక సరుకు చూపించి దాని స్థానంలో ఇంకో సరుకు ఇవ్వడం, అది పితలాటకం. ఇందులో వస్తువు మాయం కాదు. చేతిలోనే ఉంటుంది, మెరుస్తూనే ఉంటుంది. అది అది కాదు, అంతే.

వకుళ గారూ, మీ ఉత్తరంలో కాసులపేరు అన్న మాట ఉంది కాబట్టి అడుగుతున్నాను. ఆ వాక్యానికి ముందూ వెనకా ఏమైనా ఉందా? కాసుల విషయంలో ఈ మాట వాడారంటే నాకు వేరే అనుమానం వస్తోంది.

బందరు లడ్డూ

పసిడి గారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నాదొక పాత బాధ ఇక్కడ వెళ్లగక్కుతాను.

మాది మచిలీపట్నం. పక్కనే చిలకలపూడి. రోల్డుగోల్డు నగలకు పుట్టినిల్లు లాంటిది. ఎంతోమంది ఆ పని మీదే బతుకుతున్నారు. కానీ రాష్ట్రమంతా “చిలకలపూడి బంగారం” అంటే నకిలీ, దొంగ సరుకు అన్న అర్థంలో వాడేస్తారు. మనిషి నమ్మదగినవాడు కాకపోయినా “వాడా, చిలకలపూడి బంగారం” అంటారు. మా వాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. రోల్డుగోల్డును రోల్డుగోల్డు అనే చెప్పి, రోల్డుగోల్డు ధరకే అమ్మారు. కొన్నది పెళ్లిలో వేసుకుని అసలు బంగారమని వియ్యపురాలికి చెప్పినావిడ చేసింది పితలాటకం. పేరు మాత్రం మా ఊరికి వచ్చింది.

కరీంనగర్ కలం

లడ్డూ గారి బాధలో న్యాయముంది. సరుకు నకిలీ అయినంత మాత్రాన మోసం కాదు, అసలుదని చెప్పినప్పుడే మోసం.

మా ఇంట్లో పితలాటకం అనే మాట అంతగా వినలేదు. మా వాళ్ల నోట దగా, ధోకా ఎక్కువ. కానీ పసిడి గారు చేసిన విభజన చూశాక మోసానికున్న మిగతా మాటలు కూడా వరస పెట్టి చూడాలనిపించింది. చూస్తే ఏ మాట పని ఆ మాటదే.

అప్పు తీసుకుని ఎగ్గొడితే నామం పెట్టాడు, పంగనామం పెట్టాడు అంటాం. అప్పు ఎగ్గొట్టినవాడు పితలాటకం చేశాడని ఎవరూ అనరు. చిట్టీలు కట్టించుకుని రాత్రికి రాత్రి ఊరు వదిలితే కుచ్చుటోపీ. కొంచెం చాకచక్యంగా, నవ్విస్తూ దోచుకుంటే టోకరా. నమ్మినవాడే వెన్నుపోటు పొడిస్తే ద్రోహం, దగా. శఠగోపం సంగతి తమాషా. గుడిలో తల మీద పెట్టేది భక్తితో తల వంచినప్పుడు. మోసం అర్థంలో శఠగోపం పెట్టాడన్నప్పుడు కూడా తల వంచింది మనమే. శఠుడంటే వంచకుడన్న అర్థం సంస్కృతంలో ఉండనే ఉంది కనుక ఆ మాటకు రెండువైపుల నుంచీ సాయం దొరికింది.

మాటల్లో కపటం ఉంటుంది, మనిషిలో కపటం ఉంటుంది, నగలో కపటం ఉండదు. నగలో ఉండేది పితలాటకమే.

తాళపత్రం

కలం గారి జాబితాలో ఇంకొకటి చేర్చండి. కైతవం. కితవుడు అంటే జూదరి. జూదంలో మోసం నుంచి మోసమంతటికీ పాకిన మాట. అలాగే కూటం. కూటసాక్షి, కూటయుద్ధం అన్నప్పుడు కూటమంటే దొంగది. కౌటిల్యుడు దొంగనాణేన్ని కూటరూపం అన్నాడు.

కౌటిల్యుడు గుర్తుకు వచ్చాడు కనుక పసిడి గారికి ఒక కానుక. అర్థశాస్త్రం రెండో అధికరణంలో కంసాలులు బంగారం అపహరించే ఉపాయాలు ఐదని లెక్క కట్టాడు: తులావిషమం, అపసారణం, విస్రావణం, పేటకం, పింకం. మొదటిది తప్పుడు త్రాసు. రెండో దాంట్లో, అంటే అపసారణంలో, బంగారం తీసేసి ఆ స్థానంలో వేరే లోహం కలుపుతారు. దానికి వాడే మిశ్రమాల పేర్లు కూడా ఇచ్చాడు. రెండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి కలిపితే త్రిపుటకమట. తూకం మోసాన్నీ, మార్పిడి మోసాన్నీ మీ బజారులో వేరు చేసినట్టే ఆయనా వేరు చేశాడు.

ప్రొద్దుటూరు పసిడి

పంతులుగారూ, కానుక ఇస్తూనే మా కులవృత్తి మీద చాడీ కూడా చెప్పారు. అయినా పుచ్చుకుంటున్నాను. మోసం ఎన్ని రకాలో తెలిసిన ప్రభుత్వం అప్పుడుందన్నమాట. 1963లో బంగారు నియంత్రణ పేరుతో 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదని ఆజ్ఞ వేసినప్పుడు మా ఇళ్లలో కుంపట్లు ఆరిపోయిన సంగతి మా తాత చెబుతుండేవాడు. పెళ్లికూతురి మెడలోకి అటువంటి బంగారం ఎవరడిగారు?

కరీంనగర్ కలం

ఇప్పటికీ జరుగుతున్న ఒక పితలాటకం చెబుతాను. మా దగ్గరి బంధువు ఒకాయన దీనిలో పడ్డాడు. ఊరు పేరు వద్దు.

బస్టాండు దగ్గర కూలివాడిలా ఉన్న ఒకడు వస్తాడు. పునాది తవ్వుతుంటే కుండ దొరికిందని, అందులో బంగారు గుండ్లు ఉన్నాయని, ఎవరికి చెప్పాలో తెలియక భయపడుతున్నానని మెల్లగా చెబుతాడు. నమ్మకపోతే పరీక్ష చేయించుకోమని దండలోంచి ఒక గుండు మన ఎదుటే తెంపి ఇస్తాడు. మా బంధువు అమాయకుడేమీ కాదు, తిన్నగా దుకాణానికి వెళ్లి గీటించాడు. మేలిమి బంగారమని తేలింది. ఆ రాత్రి ఉన్నదంతా ఊడ్చి, భార్య గాజులు కూడా అమ్మి దండ కొన్నాడు. మర్నాడు చూస్తే దండలో మిగిలినవన్నీ ఇత్తడి గుండ్లు.

ఇందులో అసలు కిటుకు ఆ మొదటి గుండు. అది నిజంగా బంగారమే. నిజం లేకుండా ఈ మోసం జరగదు. మామూలు అబద్ధానికి నిజంతో పని లేదు, ఈ మోసానికి ఉంది.

బందరు లడ్డూ

ఒళ్లు జలదరించింది. ఫిర్యాదు చేశాడా?

కరీంనగర్ కలం

దొరికిన నిధిని గుట్టుగా కొనబోయానని స్టేషనుకు వెళ్లి చెప్పుకోవాలి కదా. వెళ్లలేదు. వాళ్లకు ధీమా కూడా అదే.

డల్లాస్ అత్తయ్య

అందుకే నేను హాల్‌మార్కు లేనిది ముట్టుకోను.

ప్రొద్దుటూరు పసిడి

మంచిది అత్తయ్యగారూ. 2023 ఏప్రిల్ నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు ముద్ర కూడా తప్పనిసరి చేశారు. 22 క్యారెట్లయితే 916 అని ఉంటుంది. ముద్ర ఉంది కదా అని ఊరుకోకుండా ఆ ఆరింటినీ ప్రభుత్వ యాప్‌లో సరిచూసుకోండి. ముద్ర కూడా ఒక సరుకే మరి, దానికీ ఇత్తడి ఉంటుంది.

ఎదురుప్రశ్న

సరే, మార్పిడి ఉంటేనే పితలాటకం అంటున్నారు కదా. అయితే నాదొక చిక్కు ప్రశ్న. “అశ్వత్థామ హతః” అని ధర్మరాజు పలికి, కుంజరః అన్న మాట వినపడకుండా గొణిగాడు. చచ్చింది మాళవరాజు ఇంద్రవర్మ ఏనుగు. దాని పేరు నిజంగానే అశ్వత్థామ. ద్రోణుడికి చేరింది కొడుకు చావు కబురు. ఇది పితలాటకమా, అబద్ధమా, రెండూ కాదా?

తాళపత్రం

వంచన. శిష్టులు ఎవరూ దాన్ని పితలాటకం అనలేదు.

ఎదురుప్రశ్న

శిష్టులు అనకపోతే ఏమండీ. పసిడి గారి సూత్రానికి సరిగ్గా సరిపోతోంది చూడండి. ఏనుగును చంపి మనిషి ఖాతాలో వేశారు. సరుకు మారింది. మొదటి గుండులాగే, చెప్పిన పేరు మాత్రం అసలుదే.

కరీంనగర్ కలం

కాదు. పితలాటకంలో ఎదుటివాడి చేతికి వస్తువు వస్తుంది. వాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటాడు. ద్రోణుడి చేతికి వచ్చిందేమీ లేదు, ఉన్న ధనుస్సు కూడా కింద పెట్టాడు. పురాణంలో పితలాటకం కావాలంటే పౌండ్రక వాసుదేవుణ్ణి తీసుకోండి. శంఖం, చక్రం, కౌస్తుభం అన్నీ కృత్రిమంగా చేయించుకుని అసలు వాసుదేవుణ్ణి నేనే, ఆ గుర్తులు వదిలెయ్యి అని కృష్ణుడికే దూతను పంపాడు. రంగస్థలం మీద నటుడిలా ఉన్న అతణ్ణి చూసి కృష్ణుడు నవ్వాడని భాగవతం చెబుతుంది. అది ఇత్తడి వెళ్లి బంగారాన్ని దిగిపొమ్మనడం.

బందరు లడ్డూ

కన్యాశుల్కం మరిచిపోయారు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లికూతురని లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. సరుకు మార్పిడి, పైగా చేతికి డబ్బు. తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా చక్కని పితలాటకం చూపించండి.

తాళపత్రం

ఇది నాకు సమ్మతమే. అక్కడ మోసపోయినవాడి మీద ఎవరికీ జాలి కలగదు. గురజాడ గడుసుతనం అది.

వకుళ

ఆలస్యానికి మన్నించండి. పసిడి గారు అడిగారని ఉత్తరం మళ్లీ తీశాను. మడత దగ్గర సిరా చెదిరిపోయి ఉంటే ఎండ వెలుతురులో పెట్టి చదివాను. నేను మొదట రాసిన వాక్యాలకు పైన ఇలా ఉంది:

“తాకట్టు విడిపించి తెచ్చినప్పుడు పేరు పేరులాగే ఉంది. కంసాలి కొట్లో విప్పి తూస్తే సంగతి తెలిసింది. ఇంటి పరువు కోసం నేను గొడవ చేయలేదు.”

ఇప్పుడు చెప్పండి.

ప్రొద్దుటూరు పసిడి

నా అనుమానం అదేనమ్మా. తాకట్టు పెట్టిన పేరులోంచి కొన్ని కాసులు తీసి, వాటి చోట పూత కాసులు గుచ్చారు. మెడలో వేసుకుని ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. విప్పి, విడివిడిగా తూస్తే తేలిక కాసులు బయటపడతాయి. మీ తాతగారు వాడిన మాట నూటికి నూరుపాళ్లు సరైనది. మా బజారులో పెద్దవాళ్లయినా అదే మాట వాడి ఉండేవారు.

తాళపత్రం

లోహం సంగతి అటుంచండి. వాక్యం చాలు. “నేను గొడవ చేయలేదు” అని అక్కడే రాశారు. గొడవకు గొడవ అన్న మాటే వాడిన మనిషి, ఆ వెంటనే అదే గొడవను పితలాటకం అనడు. పితలాటకం చిన్నతాతగారు చేసింది, గొడవ మీ తాతగారు చేయనిది. బాబాయిగారికి ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చూపించండి.

వకుళ

చూపించాను. “ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు” అన్నారు. మేనత్త మాత్రం కాసులపేరు ఇప్పుడెవరి దగ్గరుందని అడుగుతోంది. అది కొత్త పితలాటకం, రెండు అర్థాల్లోనూ.

ఎదురుప్రశ్న

ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా మొదటి ప్రశ్నకు జవాబు రాలేదు. మోసం అన్న మాట మా అమ్మ నోట కుళాయి కారడం దాకా ఎలా వచ్చింది? ఇత్తడి నుంచి కుళాయికి దారి ఏది? కుళాయి ఇత్తడిదే అని మాత్రం చెప్పకండి.

కరీంనగర్ కలం

దారి వకుళ గారి ఇంట్లోనే కనిపిస్తోంది. మోసం జరిగింది ఒక్క పూటలో. తరువాత నడిచిందంతా ఎవరు మార్చారు, ఎక్కడ మారింది, తాకట్టు పెట్టక ముందే మారిందా అన్న తర్జనభర్జన. దొంగతనమైతే వస్తువు లేదు కనుక పోయిందని తెలుస్తుంది. మార్పిడి మోసంలో వస్తువు ఉంటుంది కనుక ప్రతివాడూ తన చేతిలో మారలేదని ప్రమాణం చేస్తాడు. ఇంట్లో పిల్లలకు, ఇరుగుపొరుగులకు కనిపించేది మోసం కాదు, ఆ తెగని వ్యవహారం. వాళ్లు ఆ మాటను ఆ వ్యవహారానికి తగిలించుకుంటారు. ఒక తరం గడిస్తే తెగని ప్రతిదీ పితలాటకమే. అక్కణ్ణుంచి కుళాయి ఎంత దూరం?

తాళపత్రం

బాగా చెప్పారు. పితూరీ కూడా ఇలాగే దిగజారింది. అరబ్బీ, పారశీల నుంచి వచ్చిన ఆ మాట ఒకప్పుడు తిరుగుబాటు. 1879 రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు మొదలుపెట్టిన పితూరీ. ఇప్పుడు ఆఫీసులో పైఅధికారికి చాడీలు చెబితే పితూరీలు చెప్పాడంటున్నాం. కన్నడంలో అదే మాట కుట్ర అన్న అర్థంలో గంభీరంగానే ఉంది. మన వాళ్లు గంభీరమైన మాటలను ఇంటి వాడుకకు తెచ్చేసుకోవడంలో సిద్ధహస్తులు.

నిర్వాహకులు

ఈ శీర్షిక కింద సందేశాలు ఎక్కువయ్యాయి. అశ్వత్థామ గురించి వాదించదలచినవారు దయచేసి పురాణాల విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. కుచ్చుటోపీ ఎవరిదన్న ప్రశ్న కూడా అక్కడ కాదు, సామెతల విభాగంలో.

హోసూరు తెలుగువాడు

మూసేసే ముందు ఒక్క మాట. నేను తమిళం–తెలుగు వార్తలు అనువదించే పనిలో ఉన్నాను, కనుక ఇది నాకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది.

తమిళ పత్రికలో ఫలానా నాయకుడు ‘పిత్తలాట్టం’ చేశాడని వస్తే అది నేరారోపణ. దాన్ని తెలుగులో పితలాటకం అని దించితే చదివేవాడు ఏదో పేచీ అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఆరోపణ చప్పబడిపోయింది. అటు నుంచి ఇటు అయితే ఇంకా ప్రమాదం. “సీట్ల పితలాటకం” అని తెలుగు పేపరు వేసిన శీర్షికను ఒక కుర్రవాడు తమిళంలో యథాతథంగా ‘పిత్తలాట్టం’ అని దించాడు. సీట్లు తేలక రెండు పార్టీలు తర్జనభర్జన పడుతున్నాయన్న మామూలు వార్త, అచ్చుకు వెళ్లే వేళకు సీట్లు మోసంతో కొట్టేశారన్న వార్త అయి కూర్చుంది. పేజీ వెళ్లకముందే చూశాం కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మా బల్ల దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. తమిళం నుంచి వస్తే ‘మోసం’, తెలుగు నుంచి వెళితే ‘ఇళుపఱి’, అంటే మన లాగులాట. ఈ మాటను మాత్రం ఏ వైపూ దాటనివ్వం.

ప్రొద్దుటూరు పసిడి

మంచి నియమం. మరి మాలాంటివాళ్లు తెలుగులో పాత అర్థంతోనే రాస్తే ఏం చేస్తారు?

హోసూరు తెలుగువాడు

మీకు ఫోను చేసి అడుగుతాం.